‘ఒక ప్రాణం పోయింది, ఇంకా రెండున్నాయి’: పాత వీడియో గేముల భాష గురించి ఒక చర్చ

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. తెర పక్కకు జరుగుతుండగా పరుగెత్తుతూ, దూకుతూ, కాల్చుతూ సాగే పాత ఆట ఒకదాన్ని రెట్రో కన్సోల్‌లో మళ్లీ ఆడుతున్నాను. తెలుగు మాత్రమే చదవగలిగే పిల్లల కోసం దాని నియమాలను ఒక కాగితం మీద తెలుగులో రాసిపెడదామని కూర్చుంటే మొదటి వాక్యంలోనే చిక్కుకుపోయాను. ఆటగాడికి మొదట మూడు ‘లైఫ్’లు, అంటే చచ్చినా మళ్లీ ఆడే అవకాశాలు, ఉంటాయన్న సంగతిని ఎలా రాయాలి? ‘మూడు జీవితాలు’ అంటే ఎవరిదో ఆత్మకథలా ఉంది, ‘మూడు జన్మలు’ అంటే పురాణంలా ఉంది, ‘మూడు ప్రాణాలు’ అంటే ప్రమాద వార్తలా ఉంది. తెలిసినవారు దారి చూపగలరు.

సమాధానం:

‘మూడు ప్రాణాలు’ అన్నది మీకు వార్తలా వినిపించిందన్నారు చూడండి, చిక్కంతా అక్కడే ఉంది కనుక నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

తెలుగులో ‘ప్రాణం పోయింది’ అన్నా, ‘ప్రాణాలు పోయాయి’ అన్నా చనిపోయినది ఒక్క మనిషే కావచ్చు. ‘ప్రాణాలకు తెగించి’ దూకినవాడూ ఒక్కడే, ‘ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని’ పరుగెత్తినవాడూ ఒక్కడే. ప్రాణం విసిగినప్పుడు, ఉసూరుమన్నప్పుడు, లేచివచ్చినప్పుడు మాత్రం అది ఏకవచనంలోనే ఉంటుంది. అనుభవించేటప్పుడు ఒకటిగానూ, పణంగా పెట్టేటప్పుడు అనేకంగానూ ఉంటుందని ఒక సూత్రం చేయాలని నాకు ఎప్పటి నుంచో ఆశగా ఉంది గానీ, ‘ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు’ అన్న పలుకుబడి అడ్డం వచ్చి ఆ సూత్రాన్ని నిలవనీయడం లేదు. ఈ బహువచనం మనం కొత్తగా కల్పించుకున్నది కాదు. సంస్కృతంలో ఊపిరి, జీవం అనే అర్థంలో ఈ మాట పుంలింగ బహువచనంలో ఉంటుందని అమరకోశమే చెబుతోంది. ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమానాలనే అయిదు వాయువులను కలిపి పంచప్రాణాలు అనడం కూడా మనకు తెలిసిందే. పాలు, నీళ్లు అన్నట్లే ప్రాణాలు కూడా లెక్కతో పని లేని బహువచనమని అనుకుంటే చాలావరకు సరిపోతుంది.

అయితే దాని ముందు ఒక సంఖ్యను పెట్టగానే అర్థం మారిపోతుంది. ‘ప్రాణాలు గాలిలో కలిశాయి’ అంటే ఒక్కరు కావచ్చు, ‘మూడు ప్రాణాలు గాలిలో కలిశాయి’ అంటే తప్పనిసరిగా ముగ్గురు. అంటే వాడుక తెలుగులో ప్రాణాల లెక్క మనుషుల లెక్కే తప్ప, ఒకే మనిషి దగ్గర ఎన్ని ఉన్నాయన్న లెక్క కాదు. పంచప్రాణాలు ఒక్కటే దీనికి మినహాయింపు, కానీ అవి కూడా ఒకటి పోయి నాలుగు మిగిలే రకం కాదు, పోతే అన్నీ కలిసే పోతాయి. పిల్లికి తొమ్మిది ప్రాణాలన్న మాట బయటి నుంచి వచ్చి చేరినది. ఎన్ని దెబ్బలు తిన్నా బతికి బయటపడినవాణ్ని మనం ‘గట్టి పిండం’ అంటాం, ‘మొండి ప్రాణం’ అంటాం. మన పలుకుబడి ప్రాణం ఎంత గట్టిదో చూస్తుంది గానీ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టదు. మీ కాగితం మీది వాక్యం ఎబ్బెట్టుగా తోచడానికి కారణం ఇదే.

నిజానికి ఈ లెక్క యంత్రం నుంచి వచ్చింది. బంతిని మీటలతో కొట్టి ఆడే పిన్‌బాల్ బల్లలో ఆటకు ఇన్ని బంతులని ఉండేవి. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ అనే కాల్పుల ఆటలో మిగిలిన ఫిరంగులను తెర అడుగున బొమ్మలుగా చూపేవారు. జపాను భాషలో ఈ మిగులును ‘జాన్‌కీ’ అంటారు, అంటే మిగిలిన యంత్రాలని అర్థం. విమానాలతో ఆడే ఆటల్లో పేలిపోయినది ఒక విమానం, మిగిలినవి ఇంకొన్ని విమానాలు, కనుక వాళ్లకు ప్రాణం ఊసే అక్కరలేకపోయింది. తెర మీద విమానానికి బదులు మనిషి పరుగెత్తడం మొదలైన తరువాతనే ‘లైఫ్’ అన్న మాట బరువెక్కిందని నా అభిప్రాయం.

1987లో ఆర్కేడ్‌లో, అంటే నాణెం వేసి ఆడే యంత్రాల మీద, వచ్చి మరుసటి ఏడాది ఇంటి కన్సోల్‌కు చేరిన కాంట్రానే తీసుకోండి. మీరు ఆడుతున్నది అదే కాకపోయినా ఉదాహరణగా పనికివస్తుంది. తెర పైభాగంలో చిన్న పతకాల బొమ్మలుంటాయి. తూటా తగిలిన సైనికుడు వెనక్కి ఎగిరి పడిపోతాడు. మరుక్షణం తెర పైనుంచి అచ్చు అలాంటివాడే మరొకడు దూకుతాడు, కాసేపు మిణుకుమిణుకుమంటాడు, ఆ కాసేపూ వాడిని ఏ తూటా తాకదు. చూస్తుండగానే ఒక పతకం తగ్గిపోతుంది. పడిపోయినవాడే లేచాడా, వేరొకడు వచ్చాడా? వచ్చినవాడి చేతిలో పాతవాడు సంపాదించుకున్న తుపాకి ఉండదు, మొదటి మామూలు తుపాకే ఉంటుంది. ప్రతి అంకానికి ముందు వచ్చే నల్లని తెర మీద ‘రెస్ట్’ అన్న మాట పక్కన ఒక అంకె కనిపించేది. అది మిగిలిన ప్రాణాల లెక్క అని తెలియక, అంకానికీ అంకానికీ మధ్య సైనికుడికి అన్ని క్షణాల విశ్రాంతి ఇస్తున్నారని నేను చిన్నప్పుడు చాలా కాలం నమ్మాను.

పడినవాడే లేచాడా, వేరొకడు వచ్చాడా అన్న ఆ సందేహానికి పిల్లల తెలుగు రెండు జవాబులు చెప్పింది. మా జట్టులో కొందరు ‘ఇంకా రెండున్నాయి’ అనేవారు, కొందరు ‘ఇంకా ఇద్దరున్నారు’ అనేవారు. మొదటివారి దృష్టిలో మనిషి ఒక్కడే, వాడి ప్రాణాలు రెండు. రెండవవారి దృష్టిలో తెర వెనుక మరో ఇద్దరు మనుషులు వరుసలో నిలబడి ఉన్నారు. సంఖ్యావాచకంలోనే మనిషినీ వస్తువునూ వేరుచేసే భాష కాబట్టి, ఆ ఆటను ఎవరు ఎలా ఊహించుకుంటున్నారో వాళ్లు నోరు తెరవగానే బయటపడిపోయేది. జపానువారి జాన్‌కీకి దగ్గరగా వెళ్లినది ఆ ‘ఇద్దరున్నారు’ అన్న మాటే.

ఇంకొక సూక్ష్మం ఉంది. శరీరానికీ బంధుత్వానికీ సంబంధించినవాటిని మనం ‘నాకు’ అన్న రూపంతో చెబుతాం: నాకు రెండు కళ్లు, నాకు ఇద్దరు అక్కలు. చేతులు మారగలిగే వస్తువులకు ‘నా దగ్గర’ వాడతాం. ‘నా దగ్గర ఇద్దరు అక్కలున్నారు’ అంటే వాళ్లు వచ్చి మన ఇంట్లో ఉంటున్నారన్న అర్థం వస్తుంది తప్ప బంధుత్వం రాదు. మరి పిల్లలు ఆటలో ఏమంటారు? ‘నాకు మూడు లైఫ్‌లున్నాయి’ అని మొదలుపెట్టినవారే కాస్త ఆడేసరికి ‘నా దగ్గర ఇంకా ఒకటుంది’ అంటారు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో నూరు నాణేలు పోగుచేస్తే ఒక ప్రాణం అదనంగా వస్తుంది. అలా పోగుచేసుకున్నది ‘నా దగ్గర’ ఉండడంలో ఆశ్చర్యం లేదు. కాంట్రా మొదటి తెర మీద పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ కుడి, ఎడమ కుడి, ఆపైన బి, ఏ మీటలు నొక్కి ఆట మొదలుపెడితే మూడింటికి బదులు ముప్పై ప్రాణాలు వచ్చేవి. ప్రాణం తీపి అన్నారు గానీ, ముప్పై ఉన్నవాడికి అది పెద్ద తీపిగా ఉండదు, ఆ కిటుకు తెలిసిన రోజు నుంచి మేము గోతులను చూసి ఆగడం మానేశాం.

ఇక క్రియల సంగతి. ‘చచ్చాను’ అన్న ఉత్తమ పురుష భూతకాల రూపాన్ని మామూలు జీవితంలో నిజార్థంలో వాడగలిగినవారు లేరు, భయపడినప్పుడో చిక్కున పడినప్పుడో అలంకారంగా వాడతాం. ఆటలో మాత్రం అది ఉన్న మాటే అవుతుంది. చెడుగుడులో చచ్చినవాడు మళ్లీ బతికి బరిలోకి వచ్చినట్లే, చదరంగంలో బంటు చచ్చినట్లే, ఇక్కడా చావు ఆట నియమాల్లో ఒకటి. కాబట్టి చావడానికీ బతకడానికీ మనకు మాటల కొరత లేదు, లేనిదల్లా ఆ చావుల లెక్క.

ప్రాణాన్ని అదనంగా ఇచ్చే వస్తువు గురించి రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. పోవు, పోయు అన్నవి రెండు వేరు వేరు ధాతువులు. ‘ప్రాణం పోయింది’ అంటే చావు, ‘ప్రాణం పోసింది’ అంటే బతుకు. ‘ప్రాణం పోవడం’, ‘ప్రాణం పోయడం’ అన్న రెండింటికీ మధ్య తేడా ఒక్క అక్షరమే. పిల్లల కాగితంలో, మారియోలో అదనపు ప్రాణం తెచ్చే ఆకుపచ్చ పుట్టగొడుగు పక్కన ‘ప్రాణం పోయును’ అని గ్రాంథికంగా రాశారో, దాన్ని చూసి పారిపోయేవారే ఎక్కువ ఉంటారు. ‘ఒక ప్రాణం పెరుగుతుంది’ అంటే ఏ గొడవా లేదు. ‘ప్రాణం ఇస్తుంది’ అని కూడా రాయవద్దు, తెలుగులో ప్రాణమిచ్చినవాడు త్యాగి అవుతాడు.

మిగిలిన మాటలకు ఎక్కువ చర్చ అక్కరలేదు. ఆయువు అంటే జీవించే కాలం, అమరకోశం చెప్పే అర్థమూ అదే, అది గడువు కనుక దాన్ని మూడుగా లెక్కపెట్టలేం. జీవితం మరీ పొడవైనది, పది సెకన్లలో గోతిలో పడిపోయేవాడికి జీవితం అన్న మాట తగదు. జన్మ ఒక్కటే కొంచెం ఆలోచింపజేస్తుంది, ఎందుకంటే వెనుకటి జన్మలో సంపాదించిన తుపాకి ఈ జన్మలో చేతికి రాకపోవడం దానికి చక్కగా అతుకుతుంది. అయినా కొత్తగా పుట్టినవాడు పాతవాడు పడిన తెర మీదే, అదే వయసుతో, అదే వేషంతో ప్రత్యక్షం కావడం జన్మ అన్న మాటకు కుదరదు. నా ఓటు ప్రాణానికే.

ఒక సభ్యుని వ్యాఖ్య:

మీ విశ్లేషణ బాగుంది గానీ, ఇంత శ్రమ ఎందుకండీ? ‘లైఫ్’ ఇప్పటికే తెలుగు మాట అయిపోయింది. దానికి లు చేర్చి లైఫ్‌లు అంటున్నాం, ‘లైఫ్ అయిపోయింది’ అంటున్నాం, చదువు రాని పిల్లవాడికి కూడా అది అర్థమవుతుంది. కాగితం మీద ‘మూడు ప్రాణాలు’ అని రాసినా, పిల్లలు దాన్ని చదివి ‘ఓహో, మూడు లైఫ్‌లా’ అనుకుంటారు.

సమాధానం:

మాట్లాడేటప్పుడు లైఫ్ అనడంలో నాకు అభ్యంతరం లేదండీ, నేనూ అదే అంటాను. అయితే తెలుగులో స్థిరపడిన క్రమంలో ఆ మాటకు దాని సొంత బరువు వచ్చి చేరింది. ‘వాడి లైఫ్ పోయింది’ అని ఆటకు సంబంధం లేకుండా ఎవరైనా అంటే, వాడు చచ్చాడని ఎవరూ అనుకోరు, వాడి భవిష్యత్తు పాడైందనే అనుకుంటారు. ఆటలో మాత్రమే అది ప్రాణానికి పర్యాయపదం. ప్రశ్న అడిగినవారు రాస్తున్నది తెలుగు మాత్రమే చదవగలిగే పిల్లల కోసం కనుక, చదవగానే చావు బతుకుల సంగతి అని తెలిసే మాట ఉండడం మేలనిపించింది.

అడిగినవారికి చివరగా ఒక మనవి. ‘ప్రాణాలు’ అన్న మాట వార్తలా వినిపించకుండా ఉండాలంటే ఆ ప్రాణాలు ఎవరివో ముందు చెప్పండి. ‘ఈ ఆటలో మూడు ప్రాణాలుంటాయి’ అని రాయకుండా ‘మీ సైనికుడికి మూడు ప్రాణాలు’ అని రాస్తే ముగ్గురు మనుషులన్న భ్రమ రాదు. ఆట సాగుతున్నంతసేపూ సంఖ్యను వదలకండి: ‘ఒక ప్రాణం పోయింది, ఇంకా రెండున్నాయి.’ అన్నీ అయిపోయాక వచ్చే తెరకు చదరంగం నుంచి ‘ఆట కట్టు’ తెచ్చుకోవచ్చని నేనూ మొదట అనుకున్నాను గానీ, చాలా ఆటల్లో దాని కిందనే కొనసాగించమంటారా అన్న ప్రశ్న ఉంటుంది, కట్టిన ఆట మళ్లీ కొనసాగదు. అక్కడ సంఖ్యను తీసివేసి ‘ప్రాణాలు పోయాయి. మళ్లీ ఆడతారా?’ అని రాయండి.