పెరటి కోళ్ల శిక్షణకు వెళ్లివచ్చిన వారు మీ అనుభవం చెప్పండి

పొలంగట్టు:
గత నెల మా జిల్లాలో మూడు రోజుల శిక్షణకు వెళ్లాను. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన రకాల గురించి వివరంగా చెప్పారు. గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ, మాంసం కూడా కావాలంటే వనరాజా అన్నారు. నూరు వనరాజా పిల్లలు తెచ్చాను. పది రోజుల్లో ఇరవై రెండు పోయాయి. నోటుపుస్తకం నిండా రాసుకొచ్చాను, మరి ఎక్కడ తప్పాను?

చింతతోపు:
రాత్రి అవి ఎలా పడుకుంటున్నాయో చూశారా? బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి. దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి. చెదురుగా పడుకుంటే సరిపోయింది. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్, ఆపై వారానికి 5 చొప్పున తగ్గించాలని నేనూ రాసుకున్నాను. కాగితం కంటే పిల్లలను చూడటమే మేలు.

పొలంగట్టు:
రెండో రాత్రి కరెంటు పోయిందండీ. తెల్లవారి చూస్తే గది మూలన కుప్పగా పడి ఉన్నాయి, అడుగున ఉన్నవన్నీ చనిపోయాయి.

చింతతోపు:
అదే సంగతి. మూల ఉంటే అక్కడికే దూరి నలిగిపోతాయి. అట్టముక్కలతో గుండ్రంగా దడి కట్టండి, అడుగున ఊక పరవండి.

పెరటిగంప:
నాకు శిక్షణ లేదు బాబూ, మా అత్తగారి దగ్గర నేర్చుకున్నదే. నాటు పెట్టకు అప్పగిస్తే కరెంటుతో పనేముంది? పైన గద్ద కనబడగానే పెట్ట అరుస్తుంది, పిల్లలు రెక్కల కింద చేరతాయి. యంత్రంలో పుట్టిన పిల్లకు ఆ అరుపు ఎవరు నేర్పుతారు? మొదటిసారి బయటకు వదిలినప్పుడు నావి ఆకాశం వైపు చూడనైనా చూడలేదు. ఇప్పుడు దొడ్లో కంది వరుసలు వేశాను, వాటి కింద దాక్కుంటున్నాయి.

చింతతోపు:
నిజమే అమ్మా, కానీ ఒక పెట్ట కింద పన్నెండో పదిహేనో పడతాయి. నూరు పిల్లలకు ఎన్ని పెట్టలు కావాలి? పైగా వనరాజా పెట్టలు సాధారణంగా పొదుగుకు కూర్చోవు. వాటి గుడ్లను నాటు పెట్ట కింద పెట్టినా, వనరాజా సంకరరకం కాబట్టి వచ్చే పిల్లల్లో అదే దిగుబడి ఉండదు.

మిట్టపల్లె:
అసలు దెబ్బ కొక్కెర తెగులుది, అదే కోళ్లకు వచ్చే వైరస్ జబ్బు. ఆకుపచ్చ విరేచనాలు, మెడ వంకర. కనబడ్డాక చేసేదేమీ లేదు. 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా అనే టీకా మందు ఒక చుక్క కంట్లో వేయాలని శిక్షణలో చెబుతారు. చెప్పనిది ఏమిటంటే, మందు సీసా వందల మోతాదులకు వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పాతిక పిల్లలున్నవాడు మిగతా మందు పారబోయాలా? అందుకే మా వీధిలో ఆరు ఇళ్లవాళ్లం ఒకే వారంలో పిల్లలు తెస్తాం. ఐసు డబ్బాలో ఒక సీసా తెచ్చి, పొద్దున్నే అందరి గంపలూ ఒకే అరుగు మీద పెట్టి వేసుకుంటాం.

పొలంగట్టు:
మొదటి డోసు నేనూ వేశాను, ఒక్కడినే. సగానికి పైగా మందు వృథా అయింది. ఎదురింటి వాళ్లకూ ముప్పై పిల్లలున్నాయి, నాకు తోచనే లేదు. 28వ రోజున మళ్లీ వేయాలన్నారు. ఈసారి వాళ్లను కలుపుకుంటాను. పిల్లను పట్టుకునేటప్పుడు కన్ను మూసేస్తోంది, దానికి ఉపాయం ఉందా?

మిట్టపల్లె:
తల పక్కకు వాల్చి పట్టుకోండి. చుక్క వేశాక అది రెప్పలార్చేదాకా వదలకండి.