సంక్రాంతి మినీ ఫొటో సెషన్లు పెడితే కొత్త కస్టమర్లు వస్తారా, ఉన్న రేటు పోతుందా?

రాజమండ్రి_ఫొటో
అందరికీ నమస్తే. మేం భార్యాభర్తలిద్దరం రాజమండ్రిలో స్టూడియో నడుపుతున్నాం. సంపాదనంతా పెళ్లిళ్ల మీదే. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం పట్టిందంటే సంక్రాంతి వెళ్లేదాకా ముహూర్తాలు ఉండవు. పిల్లల ఫొటోలు, ఫ్యామిలీ ఫొటోల వైపు కూడా పని పెంచుకుందామని పోయినేడాది ఆ ఖాళీలో సంక్రాంతి మినీ సెషన్లు పెట్టాం. కడియం నర్సరీలో ఒక మూల అద్దెకు తీసుకుని వెదురు తడిక, కుండలు, చెరకు గడలు, బంతిపూలతో సెటప్ వేశాం. ఒక్కో కుటుంబానికి 20 నిమిషాలు, 8 ఫొటోలు, 1,999 రూపాయలు. డిసెంబరు చివరి రెండు ఆదివారాల్లో 22 కుటుంబాలు వచ్చాయి.

లెక్క దాచకుండా చెప్తాను. వచ్చింది 43,978. సెటప్‌కి 9,500, నర్సరీ అద్దె 5,000, ఇద్దరు అసిస్టెంట్లకు 4,000, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనకు 3,000 పోయాయి. మిగిలింది 22,478. 176 ఫొటోల ఎడిటింగ్‌కి ఆరు రాత్రులు కూర్చున్నాం.

ఆ 22 ఇళ్లలో ఐదు ఇళ్లు ఏడాదిలోపు మళ్లీ పిలిచాయి. రెండు పుట్టినరోజులు, ఒక అన్నప్రాశన, ఒక శ్రీమంతం, ఒక ఓణీల ఫంక్షన్. అన్నీ కలిపి 61,000. కానీ ఏటా 8,000 ఇచ్చి ఫుల్ సెషన్ తీయించుకునే పాత కస్టమర్లు ఇద్దరు అప్పుడు మినీతో సరిపెట్టుకున్నారు. అక్కడ 12,000 పోయింది. మళ్లీ పెడదామని మా ఆయన అంటున్నారు. ఇదే లైన్‌లో ఉన్న మా మరిది మాత్రం మీరు మార్కెట్ పాడుచేస్తున్నారని గట్టిగా గొడవపడ్డాడు. నాకు నిజంగా తేలడం లేదు. మీరేమంటారు?

తెనాలి_బాబాయి
పెట్టొద్దమ్మా. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఫిల్మ్ రోజుల నుంచి. మొదటిసారి ఏ రేటు విన్నాడో కస్టమర్ మనసులో అదే నిలబడిపోతుంది. మా ఊళ్లో ఒకాయన పండక్కి రెండు వేలకు తీయించుకున్నాడు. వేసవిలో కూతురి ఓణీల ఫంక్షన్‌కి 35,000 చెప్తే, "అప్పుడు రెండు వేలకే తీశారుగా" అన్నాడు. రోజంతా పని, ఇద్దరు మనుషులు, ఆల్బమ్ అని ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు.

ఇంకో మాట. ఆ ఐదు ఇళ్లు మినీ వల్లే వచ్చాయని ఎట్లా తెలుసు? శ్రీమంతం ఉన్నవాళ్లు ఎవరో ఒక ఫొటోగ్రాఫర్‌ని ఎట్లాగూ పిలుస్తారు. నన్నడిగితే భోగి సాయంత్రం ఇంటికే వెళ్లి భోగిపళ్లు తీయండి. పిల్ల పీట మీద కూర్చుని ఉంటుంది, రేగిపళ్లు, చిల్లర, పూలరేకులు నెత్తి మీద పడుతుంటే కళ్లు మూసుకుని నవ్వుతుంది. అమ్మమ్మ దిష్టి తీస్తుంది. ఆ ఫొటో తడిక ముందు రాదు. దానికి 6,000 అడిగినా ఇస్తారు.

డాలస్_అక్క
బాబాయి గారూ, భోగిపళ్ల విషయంలో మీ మాటే నిజం. కానీ భోగి ఒక్క సాయంత్రమే, మీరు వెళ్లగలిగేది రెండు ఇళ్లు, మహా అయితే మూడు.

నేను ఇక్కడ ఎనిమిదేళ్లుగా మినీలు చేస్తున్నాను. ఇవి అమెరికాలో ఎందుకు నడుస్తాయో చెప్తే మీకు పనికొస్తుంది. ఇక్కడ క్రిస్మస్‌కి కుటుంబం ఫొటోతో కార్డు అచ్చువేయించి పోస్టులో పంపే అలవాటుంది. నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్ గివింగ్ పండగ దాటగానే కార్డులు బయల్దేరాలి కాబట్టి అక్టోబరు, నవంబరు మొదట్లోనే ఫొటో దిగాలి. ఆ గడువే జనాన్ని కదిలిస్తుంది. నా కస్టమర్ ఒకావిడ 60 కార్డులు పంపింది. నా ఫొటో 60 ఇళ్లలో ఫ్రిజ్ తలుపు మీద నెలరోజులు ఉంది. ఏ ప్రకటనకు అంత ఆయుష్షు ఉంటుంది?

మనకు ఆ కార్డు లేదు. వాట్సాప్ స్టేటస్ ఒక్క రోజులో పోతుంది. అందుకని మీ ఫొటో ఇంట్లో ఏడాది పొడవునా కనిపించేలా ఏదైనా చేతికివ్వండి. నా సలహా టేబుల్ క్యాలెండర్. కొత్త సంవత్సరం వస్తోంది కదా, వెనకాల స్టూడియో పేరు, నంబరు చిన్నగా వేయండి.

రేటు గురించి కూడా ఒక మాట. నా మినీ 200 డాలర్లకు 5 ఫొటోలు, ఫుల్ సెషన్ 600కు 30. అంటే ఫొటో లెక్కన మినీయే రెట్టింపు ఖరీదు. ఎక్కువ ఫొటోలు కావాలనుకున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే ఫుల్ సెషన్‌కి వెళ్తారు. తగ్గించాల్సింది సమయం, ఫొటోలు. రేటు కాదు. రాజమండ్రి చెల్లీ, నీ ఫుల్ సెషన్‌లో ఎన్ని ఫొటోలు ఇస్తావు?

రాజమండ్రి_ఫొటో
40 ఇస్తాం అక్కా. అంటే ఫొటోకి 200. మినీలో దాదాపు 250. తేడా ఉంది కానీ చాలా తక్కువ. ఇప్పటిదాకా ఈ లెక్క నేను వేసుకోలేదు.

తెనాలి_బాబాయి
కస్టమర్ భాగహారం చేయడమ్మా. 1,999 అన్న అంకె చూస్తాడు, అంతే.

కూకట్‌పల్లి_అమ్మ
నేను ఫొటోగ్రాఫర్‌ని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని. తీయించుకున్నవాళ్ల వైపు నుంచి చెప్తాను. పోయిన సంక్రాంతికి ఇక్కడ ఒక స్టూడియో మినీ సెషన్‌కి వెళ్లాం. మాకిచ్చిన టైం మధ్యాహ్నం 12:20. ముందువాళ్లవి ఆలస్యమై మమ్మల్ని పిలిచేసరికి ఒంటి గంట. ఎండలో పట్టు పరికిణీతో పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. ఫొటోలు పండగయ్యాక మూడు వారాలకు వచ్చాయి. భోగి పొద్దున స్టేటస్ పెట్టుకోవాలని ఎంత ఆశపడ్డానో.

అన్నిటికన్నా బాధ కలిగించింది వేరే. మా పాప ఫొటో ఆ స్టూడియో డబ్బు కట్టి నడిపే ప్రకటనలో కనిపించింది. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. ఫోన్ చేసి గట్టిగా అడిగితే తీసేశారు. దయచేసి ఎవరూ అలా చేయొద్దు. పిల్లల ఫొటోలు వాడుకునేముందు రాతపూర్వకంగా అడగండి, వద్దంటే వదిలేయండి.

అయినా ఒకటి చెప్పాలి. మా ఇంట్లో ఫొటోలు తీసేది ఎప్పుడూ మా ఆయనే, అందుకే ఆయన దేంట్లోనూ ఉండరు. నలుగురం కలిసి ఉన్న మంచి ఫొటో మాకు అదొక్కటే. 8,000 అంటే మేం వెళ్లేవాళ్లం కాదు. మళ్లీ వెళ్తాను, కానీ ఆ స్టూడియోకి కాదు.

కాకినాడ_క్లిక్
ఈ అక్క చెప్పింది అందరం రాసిపెట్టుకోవాలి. రోజుకి 11 కుటుంబాలు అంటేనే నాకు భయమేసింది. డిసెంబరు చివర మన దగ్గర ఐదున్నరకల్లా పొద్దు పోతుంది. మంచి వెలుతురు పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర, మళ్లీ మూడు నుంచి ఐదున్నర. 20 నిమిషాల షూట్, 10 నిమిషాల గ్యాప్ పెడితే పూటకు ఐదు ఇళ్లు. ఆరోది ఒప్పుకున్నామంటే ఎవరో ఒకరి పిల్ల ఏడుస్తుంది.

పాత కస్టమర్ల విషయంలో నేను చేసేది ఇది. మినీ బుకింగ్ వాళ్లకు ఇవ్వను. వాళ్లకు ముందే ఫోన్ చేసి ఫుల్ సెషన్ మామూలు రేటుకే చేసి, క్యాలెండర్ ఫ్రీగా ఇస్తాను. ఎవరూ బాధపడలేదు. ఇంకొకటి, సెట్‌లో హరిదాసు ఉంటే బాగుంటుందని కొందరు తలమీద అక్షయపాత్రతో ఇల్లిల్లూ తిరుగుతున్న మనిషిని ఆపి పోజులు అడుగుతున్నారు. అది తప్పు. గంగిరెద్దులవాళ్లయినా అంతే, కావాలంటే ముందురోజే మాట్లాడి పూట కూలి ఇచ్చి పిలవండి.

రాజమండ్రి_ఫొటో
అందరికీ చాలా థ్యాంక్స్. ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఈసారి డిసెంబరు మూడో ఆదివారం, నాలుగో ఆదివారం, పూటకు ఐదు ఇళ్లే. 2,499కి 6 ఫొటోలు, ఒక టేబుల్ క్యాలెండర్. డిసెంబరు 31లోపు ఫొటోలు, క్యాలెండర్ చేతిలో పెడతాం, లేకపోతే సగం డబ్బు వాపసు. పిల్లల ఫొటోలు వాడుకోవడానికి వేరే కాగితం మీద సంతకం అడుగుతాం. భోగి సాయంత్రం మాత్రం బాబాయి గారు చెప్పినట్టు రెండు ఇళ్లకు వెళ్తాం, మా ఆయన ఒక చోటికి, నేను ఒక చోటికి.

తెనాలి_బాబాయి
నాకింకా నమ్మకం కుదరలేదమ్మా. కానీ పద్ధతిగా ఆలోచించావు. ఒక పని చెయ్యి. ఈసారి మళ్లీ పిలిచిన ప్రతి ఇంటినీ, మినీకి రాకపోయి ఉంటే మాకు ఫోన్ చేసేవారా అని అడుగు. ఎంతమంది ఏమన్నారో వచ్చే దసరాకి ఇక్కడే రాయి. నేను తప్పని తేలితే నేనూ తెనాలిలో పెడతాను.