క్రాంక్ పుల్లీ బోల్ట్ ఊడదీశాను, టైమింగ్ పోయినట్టేనా?

కొత్తగా వచ్చాను. సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ ఫ్యూజన్ 2.5 కొన్నాను. ముందు వైపు క్రాంక్ సీల్ దగ్గర ఆయిల్ కారుతోందని పుల్లీ బోల్ట్ తీశాను. ఈ ఇంజిన్‌లో అలా తీస్తే టైమింగ్ (పిస్టన్ల కదలికకీ వాల్వులకీ ఉండే పొంతన) తప్పుతుందని తర్వాత తెలిసింది. ఇంకా స్టార్ట్ చేయలేదు. వాల్వులు వంగి ఉంటాయా అన్నలూ?

——

స్టార్ట్ చేయలేదంటే పెద్ద గండం తప్పినట్టే తమ్ముడూ. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్, ఎవరూ పొరపాటున తాళం తిప్పకుండా. మాన్యువల్ బండి అయితే గేర్‌లో ఉంచి తోయకు. చక్రాలతో పాటు క్రాంకూ తిరుగుతుంది.

బోల్ట్ వదులైనంత మాత్రాన వాల్వు వంగదు. చాలా ఇంజిన్లలో క్రాంక్ స్ప్రాకెట్‌కి (పళ్ల చక్రానికి) కీ, అంటే జారకుండా పట్టే చిన్న లోహపు ముక్క, ఉంటుంది. పుల్లీ తీసినా స్ప్రాకెట్ కదలదు. నీ బండిలోని డ్యురాటెక్ ఇంజిన్‌లో కీ లేదు, మాజ్దా ఎల్ ఇంజిన్లదీ ఇదే పద్ధతి. స్ప్రాకెట్, పుల్లీ రెండూ ఆ ఒక్క బోల్ట్ బిగింపు మీదే నిలుస్తాయి. అది వదులైనప్పుడు సెల్ఫ్ కొడితే క్రాంక్ తిరుగుతుంది, క్యామ్‌లు (వాల్వులు తెరిచే కడ్డీలు) తిరగవు. పైకొచ్చే పిస్టన్ తెరుచుకున్న వాల్వును గుద్దుతుంది.

——

పాత బోల్ట్ బిగించేసి "చూద్దాం" అనుకోవద్దు. అది సాగే రకం, కొత్తదే వేయాలి. స్ప్రాకెట్ పక్కన ఫ్రిక్షన్ వాషర్లు ఉంటే అవీ కొత్తవే.

స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, వాల్వ్ కవర్ విప్పండి. బ్లాక్ పక్కనున్న ప్లగ్ తీసి టైమింగ్ పిన్ బిగించి, క్రాంక్‌ను ముందునుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో పిన్‌కి ఆనేదాకా మెల్లగా తిప్పండి. అదే ఒకటో సిలిండర్ టీడీసీ, అంటే పిస్టన్ పూర్తిగా పైనుండే చోటు. క్యామ్‌ల వెనక గాడుల్లో అలైన్‌మెంట్ బార్ దూరాలి. దూరకపోతే క్యామ్ మీది షడ్భుజి దగ్గర స్పానర్ పెట్టి కొద్దిగా సర్దండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆగిపోండి, బలం పెట్టొద్దు. పుల్లీని ఎం6 బోల్ట్‌తో ఫ్రంట్ కవర్‌కి నిలిపి, పుల్లీ హోల్డర్‌తో పట్టుకుని కొత్త బోల్ట్‌ను 100 న్యూటన్ మీటర్లకు బిగించి, ఆపైన ఇంకో 90 డిగ్రీలు తిప్పండి. పిన్, బార్ కొలతకే. బిగింపు భారం వాటి మీద పడితే పిన్ విరుగుతుంది, క్యామ్ పాడవుతుంది.

పిన్, బార్, ఎం6 బోల్ట్ తీసి, చేత్తో రెండు చుట్లు తిప్పి వాటిని మళ్లీ పెట్టి చూడండి. రెండు చుట్లెందుకంటే క్రాంక్ రెండుసార్లు తిరిగితేనే క్యామ్ ఒకసారి తిరుగుతుంది.

——

ఒక చిన్న చిక్కు. నీ టార్క్ రెంచ్ మీద ఫుట్-పౌండ్లు ఉంటే 100 అని పెట్టెయ్యకు, 74 పెట్టు.

——

థాంక్స్ అన్నా. బోల్ట్ విప్పేటప్పుడు ఇంజిన్ కొద్దిగా వెనక్కి తిరిగింది. దానివల్ల ఏమైనా?

——

కొన్ని డిగ్రీలైతే కంగారు అక్కర్లేదు. అనుమానం తీరాలంటే టైమింగ్ సరిచేసి బోల్ట్ బిగించాక, స్టార్ట్ చేసేముందు కంప్రెషన్ (సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) చూడు. ఇంధనం, ఇగ్నిషన్ ఆపి, త్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్‌కి ఐదారు కంప్రెషన్ స్ట్రోకులు వచ్చేదాకా సెల్ఫ్ కొట్టు. అన్నిటికన్నా తక్కువది ఎక్కువదానిలో 75 శాతానికి తగ్గకూడదు. ఒక్కటే సున్నా దగ్గరుంటే వంగిన వాల్వును అనుమానించు. అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలువు. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు. నాలుగూ సమానంగా తక్కువ చూపిస్తే టైమింగే తప్పి ఉండొచ్చు, స్టార్ట్ చేశాక క్రాంక్, క్యామ్‌ల పొంతన కుదర్లేదని చెప్పే పి0016 కోడ్ కూడా రావచ్చు.

పిన్, బార్ దొరక్కపోతే టో చేయించు. వర్క్‌షాప్‌లో "పుల్లీ బోల్ట్ వదిలింది, స్టార్ట్ చేయలేదు" అని ముందే రాయించు. లేకపోతే పరీక్షకని వాళ్లే తాళం తిప్పేస్తారు.