రైల్ ప్రెషర్ సెన్సర్ పోయిందా, పంపు పోయిందా? విప్పేముందు తేల్చుకోవడం ఎలా?

ఓరుగల్లు_డీజిల్:
కారు 2013 మోడల్, 1.3 లీటర్ కామన్ రైల్ డీజిల్ (పంపు తోసిన డీజిల్ ఇంజెక్టర్లకు పోయేముందు ఎక్కువ ప్రెషర్‌తో నిలిచే గొట్టమే రైల్), 1,20,000 కి.మీ. తిరిగింది. పొద్దున సెల్ఫ్ చాలాసేపు కొడితే గానీ స్టార్ట్ కావట్లేదు, ఐడ్లింగ్‌లో వణుకు. ఇంజిన్ బాగా వేడెక్కాక గట్టిగా తొక్కితే ఉన్నట్టుండి పికప్ పోయి ఇంజిన్ లైటు వెలుగుతోంది. కీ తీసి మళ్ళీ వేస్తే మామూలే. స్కానర్‌లో పి0191, పి0193 అనే ఫాల్ట్ కోడ్లు ఉన్నాయి. డీజిల్ ఫిల్టర్ కొత్తది. ఒక షెడ్డులో సెన్సర్ అంటున్నారు, ఇంకో షెడ్డులో హై ప్రెషర్ పంపు దింపాలంటున్నారు. మల్టీమీటర్, ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని కోడ్లు, రీడింగులు చూపించేది) ఉన్నాయి. వీటితో తేలుతుందా?

కామన్_రైల్_బెజవాడ:
తేలుతుంది అన్నా. పంపు జోలికి ఇప్పుడే పోవద్దు. పి0191 అంటే రైల్ ప్రెషర్ సెన్సర్ రీడింగ్ ఉండాల్సిన తీరులో లేదని. పి0193 అంటే సెన్సర్ సిగ్నల్ వోల్టేజి ఉండాల్సిన దానికంటే పైకి పోయిందని. సెన్సర్ లోపల, లేదా సిగ్నల్, ఎర్త్ వైర్లలో ఎక్కడో కాంటాక్ట్ తెగితే వచ్చే కోడ్ ఇది. పంపు అరిగినా, ఇంజెక్టర్ రిటర్న్ (వాడకుండా వెనక్కి పోయే డీజిల్) ఎక్కువైనా, ఫిల్టర్ మూసుకుపోయినా మామూలుగా వచ్చేది పి0087, అంటే రైల్లో ప్రెషర్ తక్కువని.

స్కానర్ లైవ్ డేటాలో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) కోరిన ప్రెషర్, అసలు ప్రెషర్ రెండూ గ్రాఫ్ పెట్టి, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని నడపండి. కోరినది 1000 బార్‌కి (బార్ అంటే ప్రెషర్ కొలత) ఎక్కుతుంటే అసలుది 600 దగ్గర ఆయాసపడుతూ మెల్లగా వెనకబడితే డీజిల్ అందట్లేదని అర్థం. గీత ఒక్క క్షణంలో నిలువుగా లేచినా పడినా అది కరెంటు సంగతే. రైల్లో ఉన్న డీజిల్ ప్రెషర్ అంత వేగంగా గంతులు వేయదు.

ఒక జాగ్రత్త: కోడ్ యాక్టివ్‌గా ఉన్నప్పుడు చాలా ఈసీయూలు సెన్సర్‌ని పక్కనపెట్టి సొంత అంకె వేసుకుంటాయి, స్కానర్ దాన్నే చూపిస్తుంది. అప్పుడు మల్టీమీటర్‌నే నమ్మాలి.

వైరింగ్_గుంటూరు:
మీటర్ పని ఇలా చేయండి. సెన్సర్‌కి మూడు పిన్నులు: 5 వోల్టుల సప్లయ్, ఎర్త్, సిగ్నల్. ఏది ఏదో వైరింగ్ డయాగ్రంలో చూసుకోండి, బండిబండికీ వరస మారుతుంది. కనెక్టర్ పీకి, కీ ఆన్ చేసి సప్లయ్ చూడండి. 4.9 నుంచి 5.1 మధ్య ఉండాలి. తక్కువగా ఉంటే సెన్సర్‌ని నిందించకండి. అదే 5 వోల్టుల లైను మీద ఇంకో సెన్సర్ షార్ట్ అయినా ఇలాగే పడిపోతుంది.

తర్వాత కనెక్టర్ పెట్టేసి, వెనకనుంచి సన్నటి పిన్ను దూర్చి సిగ్నల్ చూడండి. వైరు తొక్కకు బెజ్జం పెట్టొద్దు, వానాకాలంలో అక్కడే తుప్పు మొదలవుతుంది. రాత్రంతా ఆగిన బండిలో, కీ ఆన్, ఇంజిన్ ఆఫ్‌లో సుమారు 0.5 వోల్టు రావాలి. ఐడ్లింగ్‌లో 1.1 నుంచి 1.3 మధ్య ఉంటుంది. మీటర్ చూస్తూనే వైరింగ్‌ని రైలు నుంచి ఈసీయూ దాకా కదిలించండి. అంకె గంతులేస్తే ఎలుక కొరికిన చోటో, పచ్చగా చిలుం పట్టిన పిన్నో ఉంటుంది.

ఓరుగల్లు_డీజిల్:
చూశాను. సప్లయ్ 4.98. ఎర్త్ బాగుంది. వైర్లు ఎంత కదిలించినా మార్పు లేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు, ఇంజిన్ ఆఫ్‌లో సిగ్నల్ 0.68 వోల్టు, స్కానర్‌లో 68 బార్. వేడి మీద తొక్కితే గ్రాఫ్ నిలువుగా పైకి లేచి కోడ్ వచ్చింది.

కామన్_రైల్_బెజవాడ:
అయితే సెన్సరే. 0.5 నుంచి 4.5 దాకా ఉన్న 4 వోల్టులు మీ సెన్సర్‌లో 1500 బార్‌కి సమానం, అందుకే 0.18 వోల్టు తేడా 68 బార్‌గా కనబడుతోంది. రాత్రంతా ఆగిన రైల్లో ప్రెషర్ ఉండదు. లేని 68 బార్‌ని ఉన్నట్టు చెబుతోంది కాబట్టి, ఈసీయూ 270 కోరినప్పుడు రైల్లో నిజంగా ఉండేది 200 చుట్టూ. పొద్దున సెల్ఫ్ ఆలస్యానికీ, వణుకుకీ కారణం ఇదే.

కొనేటప్పుడు పాత సెన్సర్ మీది పార్ట్ నంబర్ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. 1500, 1800 బార్ సెన్సర్లకు థ్రెడ్, కనెక్టర్ ఒకేలా ఉండొచ్చు, పైకి తేడా తెలియదు. 1500 చోట 1800 బిగిస్తే ఈసీయూ 300 అనుకున్నప్పుడు రైల్లో 360 ఉంటుంది. ఇంజిన్ నాకింగ్ చేస్తుంది, ఫుల్ లోడ్‌లో ప్రెషర్ హద్దు దాటుతుంది. "సెట్ అయిపోతుంది సార్" అనే షాపు నుంచి వెంటనే బయటికి రండి. కొన్ని బండ్లకు సెన్సర్ విడిగా ఇవ్వరు, రైలుతో కలిపే ఇస్తారు. ముందే అడగండి.

వైరింగ్_గుంటూరు:
మార్చేటప్పుడు: ఇంజిన్ ఆపాక కనీసం 10 నిమిషాలు ఆగండి. మీ సెన్సర్ సున్నా చూపించదు కాబట్టి స్కానర్ అంకెను నమ్ముకోవద్దు, టైమే చూసుకోండి. నడుస్తున్న ఇంజిన్‌లో హై ప్రెషర్ వైపు ఏ నట్టూ వదులు చేయకూడదు. ఆ ప్రెషర్‌తో వచ్చే సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది. పైకి చీమ కుట్టినంతే కనిపించినా అది ఆపరేషన్ దాకా వెళ్ళే గాయం, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

బ్యాటరీ నెగటివ్ తీయండి. సెన్సర్ చుట్టూ బ్రేక్ క్లీనర్ కొట్టి గాలితో ఊదండి. ఒక్క ఇసుక రేణువు రైల్లో పడితే ఇంజెక్టర్ పోయినట్టే. బాష్ సెన్సర్లలో ఎక్కువ వాటికి 27 స్పానర్ పడుతుంది. కొత్తదాని మూత బిగించే నిమిషం దాకా తీయొద్దు. సీలింగ్ లోహం మీద లోహం ఆనడం వల్ల జరుగుతుంది, కాబట్టి టెఫ్లాన్ టేపు, రాగి వాషర్, గమ్ ఏవీ వేయకూడదు. ముందు చేత్తో తిప్పండి, తర్వాత టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే స్పానర్): ఎం12 థ్రెడ్‌కి 35 న్యూటన్ మీటర్ల చుట్టూ, ఎం18కి 70 చుట్టూ. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఖాయం.

కనెక్టర్, బ్యాటరీ మళ్ళీ పెట్టి, స్టార్ట్ చేసేముందు కీ ఆన్‌లో సిగ్నల్ 0.5 దగ్గర ఉందో చూడండి. హ్యాండ్ ప్రైమర్ (డీజిల్ లైనులోకి చేత్తో డీజిల్ నింపే బల్బు) ఉంటే గట్టిపడేదాకా నొక్కి, కోడ్లు చెరిపి స్టార్ట్ చేయండి. కొన్ని ఈసీయూలకు కొత్త సెన్సర్ పెట్టాక స్కానర్‌తో అడాప్టేషన్ రీసెట్ (పాత సెన్సర్‌కి అలవాటుపడ్డ విలువలు చెరపడం) కూడా ఇవ్వాలి. ఐడ్లింగ్‌లో 5 నిమిషాలు ఉంచి, ఆపి, మళ్ళీ ఆగి, సెన్సర్ కింద పొడి టిష్యూ పేపర్ అద్ది చూడండి. కారుతుందేమోనని నడుస్తున్న ఇంజిన్ మీద చెయ్యి పెట్టి తడమొద్దు. పేపర్ పొడిగా ఉంటే రోడ్డెక్కి, వేడి మీద లోడు ఇచ్చి అదే గ్రాఫ్ ఇంకోసారి తీయండి.