యాసలో రాసిన కథను ఎంతవరకు దిద్దొచ్చు?

మాది కడప నుంచి వచ్చే చిన్న సాహిత్య త్రైమాసికం. 64 పేజీలు, మధ్యలో పిన్ను. పిన్ను బైండింగ్‌లో పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి. కథ ఒక్క పేజీ పొంగినా ఇంకో మూడు నింపాలి కాబట్టి 2000 మాటల హద్దు పెట్టుకున్నాం. రచయిత పేరు తీసేసి ఇద్దరు చదువుతారు, పొసగకపోతే మూడోవాళ్లు. ఎంపిక వరకు ఇబ్బంది లేదు. తంటా అంతా దిద్దుబాటులోనే.

ఒకే కథలో ఒకచోట 'వస్తాండాడు', పక్క పేజీలో 'వచ్చాండాడు', ఆఖర్లో 'వస్తున్నాడు'. పాత్రల మాటలైతే ముట్టుకోం. కథ చెప్పే గొంతులోనే మూడూ కలిసిపోతే? ఒకే రూపానికి తెస్తే 'మా ఊరి మాట చంపేసినారు' అంటారు, అదీ న్యాయమే. వదిలేస్తే ప్రూఫు చూసేవాళ్లకు ఏది యాసో ఏది అచ్చుతప్పో తెలియదు. ఒక్కో కథకు ఇలాంటి రూపాల పట్టీ ముందే రాసి రచయితతో ఒప్పించుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా? పట్టీలో ఏమేం పెడతారు?

ఇంకోటి, అను ఫాంట్లు (డీటీపీలో వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు). అను 7వ వెర్షన్‌లో కొట్టినదాన్ని 6 అనుకుని యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. స్పెల్‌చెక్ యాసనూ తప్పే అంటుంది, దాన్ని నమ్మలేం. ఒకరు మూలం పైకి చదువుతుంటే ఇంకొకరు సరిచూడటం కాకుండా వేరే దారి ఉంటే చెప్పండి.

దిద్దిన ప్రతి పంపాక రచయిత జవాబు కోసం ఎన్నాళ్లు ఆగుతారు?