వారం రోజుల సేవకులతో ద్వీపంలో కుక్కలు, పిల్లులు తగ్గుతాయా?

తీరంగాలి:
ఉష్ణమండల ద్వీపాల్లో కుక్కలకు, పిల్లులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే క్లినిక్‌లు కొన్ని బయటి దేశాల నుంచి స్వచ్ఛంద సేవకులను పిలుస్తుంటాయి. పొద్దున క్లినిక్, సాయంత్రం సముద్రం. నా స్నేహితురాలు అలా ఓ వారం వెళ్లి వస్తానంటోంది. ఆమె పశువైద్యురాలు కాదు, ఆడిటర్. జంతువులంటే ప్రాణం. నాకేమో ఇది సేవ పేరుతో విహారయాత్రలా ఉంది. ఆ విమాన టికెట్టు డబ్బు నేరుగా క్లినిక్‌కే పంపితే మరిన్ని ఆపరేషన్లు జరుగుతాయి కదా? తెలిసినవారు చెప్పండి. మొహమాటపడకండి, ఆమె ఇక్కడికి రాదు.

వేపకొమ్మ:
అలాంటి క్లినిక్‌లో పనిచేశాను. నేనూ డాక్టర్ని కాను. కత్తి పట్టుకునేది ఒక్కరే అయినా, వారికి ముందూ వెనకా జరిగే పని చాలా ఉంటుంది. ప్రతి జంతువునూ తూచాలి, మత్తుమందు మోతాదు బరువును బట్టే కాబట్టి. బోనుకు చీటీ కట్టి, ఏ సందులో పట్టుకున్నారో రాయాలి. అది తప్పితే తిరిగి వదిలేటప్పుడు పరాయి కుక్కల మధ్య దింపి వస్తారు, అవి చీల్చేస్తాయి. పొట్ట మీద వెంట్రుకలు తీయాలి. వాడిన కత్తెరలను రక్తం ఎండకముందే బ్రష్‌తో రుద్దాలి. కీలు సందులో కాస్త మిగిలినా తర్వాత ఎంత ఆవిరి పట్టినా దండగే.

ఆపరేషన్ అయ్యాక మరీ జాగ్రత్తగా ఉండాలి. పిల్లిని తువ్వాలు మీద పక్కకు పడుకోబెడతాం. కెటమిన్ మత్తులో దాని కళ్లు తెరుచుకునే ఉంటాయి, ఎండిపోకుండా మందు పూయాలి. నాలుక బయటికి లాగి ఉంచాలి. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడి వెంటనే గులాబీ రంగుకు తిరగాలి. ఆలస్యమైతే డాక్టర్ని కేకేయడమే. గదిలో మనకు చెమటలు కారుతుంటాయి, పిల్లి ఒళ్లు మాత్రం మత్తు వల్ల చల్లబడిపోతుంటుంది. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి ఆనించి పెడతాం. చిన్న కూనలైతే చిగుళ్లకు కాస్త చక్కెర నీళ్లు రాస్తాం. ఎవరో ఒకరు దాని పక్కన కూర్చోకపోతే డాక్టర్ బల్ల దగ్గర నుంచి మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకోవాల్సిందే. ఆడిటర్ అంటున్నారు కదా, ఆ చీటీలు ఒద్దికగా రాసేవాళ్లు దొరకడమే కష్టం. వెళ్లనివ్వండి.

కాకిలెక్క:
చీటీల లెక్క బాగుంది, అసలు లెక్క మాటేమిటి? శిబిరం ముగియగానే ఇన్ని వందల ఆపరేషన్లు చేశామని ఫోటోలు పెడతారు. మొత్తం ఎన్ని ఉంటే అన్నింటికి చేశారో ఎవరూ చెప్పరు. ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, 63 రోజులకు ఈనుతుంది. పిల్లి ఇంకా తొందర, ఐదారు నెలల వయసుకే చూలు కట్టగలదు. పైగా పిల్లి ఎదకు రావడం పగటి వెలుతురు మీద ఆధారపడి ఉంటుంది. చలిదేశాల్లో శీతకాలపు పగళ్లు కుంచించుకుపోతాయి కనుక దానికి కొన్ని నెలలు విరామం దొరుకుతుంది. భూమధ్యరేఖ దగ్గర పగలు ఏడాది పొడవునా ఇంచుమించు 12 గంటలే. ఇక విరామమెక్కడిది? ఏడాదికోసారి వచ్చి ఒక వారం హడావుడి చేసి పోతే, చేతికి చిక్కని ఆడపిల్లులు ఆ లోటు తీర్చేస్తాయి.

ఇంకో కిటుకు ఉంది. మగవాటి ఆపరేషన్ చిన్నది, త్వరగా అయిపోతుంది, సంఖ్య పెద్దగా కనిపిస్తుంది. పది మగకుక్కల్లో తొమ్మిదింటికి చేసినా మిగిలిన ఆ ఒక్కటి చుట్టుపక్కల ఆడవాటన్నిటికీ సరిపోతుంది.

థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ ద్వీపంలో సోయ్ డాగ్ ఫౌండేషన్ అనే జంతు సంక్షేమ సంస్థ 2003లో మొదలై అక్కడే పాతుకుపోయింది. థాయ్ పశువైద్యులు, వీధి వీధికీ తిరిగే సంచార క్లినిక్‌లు, ఏడాదంతా పని. బయటి నుంచి వెళ్లే సేవకులు అక్కడ ఎక్కువగా చేసేది ఆశ్రయంలోని కుక్కలను నడిపించడం, మనుషులకు మచ్చిక చేయడం. అదీ మంచి పనే. కుక్కల సంఖ్యను తగ్గించేది మాత్రం అది కాదు.

పిల్లిమీసం:
పేరు కాకిలెక్క, చెప్పింది మాత్రం అసలు లెక్క. ఇంతకాలం ఈ పేరుతో మమ్మల్ని మోసం చేశారన్నమాట.

గొర్రెలడాక్టర్:
పశువైద్యుడిగా నా మాట. ఆడిటర్ వెళ్లడం మీద నాకు పేచీ లేదు. ‘ఇక్కడ చేయి తిరుగుతుంది’ అని వెళ్లే విద్యార్థుల మీదే నా కోపం. సొంత దేశంలో ఏ జంతువు మీదా తమను చేయనివ్వని ఆపరేషన్‌ను ఇక్కడి వీధికుక్క మీద ప్రయత్నిస్తామంటే ఎలా? దానికీ నొప్పి ఉంటుంది. ఆడకుక్కకు పొట్ట కోసి అండాశయాలు, గర్భసంచి తీయాలి. ముడి ఒకటి జారితే లోపలే రక్తం పోతుంది, పైకి ఏమీ కనబడదు.

ఉష్ణమండలంలో దీనికి తోడు పిడుదుల బెడద. గోధుమరంగు కుక్కపిడుదు ఎర్లీకియా అనే క్రిమిని ఎక్కిస్తుంది. దానివల్ల రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. చూడటానికి దుక్కలా ఉన్న కుక్క బల్ల మీదికి ఎక్కాక, కోసిన చోటల్లా రక్తం ఊరుతూనే ఉంటుంది. చలిదేశం నుంచి నిన్న దిగిన సర్జన్‌కు ఇది పుస్తకాల్లో చదివిన సంగతి. అక్కడే ఉండే డాక్టర్ చిగుళ్లు, ముక్కు చూసి అనుమానిస్తారు. అందుకే ఎంత పేరున్న సర్జన్ వచ్చినా స్థానిక పశువైద్యుడి కింద పనిచేయాలంటాను.

ఇక కుట్లు. కుక్క వాటిని నాకుతుంది, కొరుకుతుంది, మట్టిలో పొర్లుతుంది. నాలుగో రోజునో ఐదో రోజునో కుట్లు విడితే శిబిరంవాళ్లు అప్పటికి విమానం ఎక్కేసి ఉంటారు. ఆ కుక్కకు అన్నం పెట్టే ముసలావిడ ఎవరికి ఫోన్ చేయాలి? అలా ఒక్కటి వీధిలో చచ్చిపోతే, ఆ వీధివాళ్లు మరో కుక్కను పట్టుకోనివ్వరు.

రెక్కలచప్పుడు:
అందరూ కుక్క, పిల్లి వైపు నుంచే మాట్లాడుతున్నారు. ద్వీపాల్లో నేల మీద గూడు పెట్టే పక్షుల సంగతి ఎవరికైనా గుర్తుందా? ఆపరేషన్ చేసి, అయిందన్న గుర్తుగా చెవి కొన కత్తిరించి వదిలిన పిల్లికి సంతానం కలగదు, ఆకలి మాత్రం అలాగే ఉంటుంది. అది బతికినన్నాళ్లూ పక్షిపిల్లలను తింటుంది. అట్లాంటిక్‌లోని అసెన్షన్ ద్వీపాన్ని చూడండి. అడవిపిల్లులను పూర్తిగా తొలగించాక 2006లో అవి లేవని ప్రకటించారు. ప్రపంచంలో మరెక్కడా గూడు కట్టని అసెన్షన్ ఫ్రిగేట్ పక్షి 2012లో ప్రధాన ద్వీపం మీదికి తిరిగొచ్చి గూడు పెట్టింది. అంతకుముందు దానికి పక్కనున్న చిన్న దీవే దిక్కు. హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ ద్వీపంలో పెంపుడు పిల్లులకు ఆపరేషన్, నమోదు తప్పనిసరి, కొత్త పిల్లిని తీసుకురానివ్వరు. అలాంటి చోట్లకు పిల్లులను తిరిగి వదిలే క్లినిక్ ఎలా పనికొస్తుంది?

వేపకొమ్మ:
రెక్కలచప్పుడు గారూ, అరుదైన పక్షులున్న ద్వీపం విషయంలో మీతో వాదించను. కానీ జనం దట్టంగా ఉండే ద్వీపాల్లో కుక్కల సమస్యకు ‘తొలగించడం’ అన్న మాట వాడేముందు ఇండొనేషియా వైపు చూడండి. అక్కడి ఫ్లోరెస్ ద్వీపంలోకి 1997లో పడవల్లో వచ్చిన కుక్కలతో రేబిస్ ప్రవేశించింది. పెద్దఎత్తున కుక్కలను చంపారు, అయినా వ్యాధి అక్కడే పాతుకుపోయింది. బాలిలో 2008లో బయటపడింది. మొదట అక్కడా విషం పెట్టారు. మనుషులు చనిపోతూనే ఉన్నారు. కుక్క పోయిన ఇంటివాళ్లు ఇంకో కూనను తెచ్చుకున్నారు, దానికి టీకా ఉండదు. కొన్నిచోట్ల టీకా వేసిన కుక్కలనే చంపేశారు! ద్వీపమంతటా సామూహిక టీకాలు మొదలుపెట్టాకే మరణాలు తగ్గాయి. కుక్కల్లో 70 శాతానికి టీకా అందాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. ఆపరేషన్‌కు వచ్చిన ప్రతి కుక్కకూ అదే బల్ల మీద టీకా వేసి పంపొచ్చు. పైగా కూనలు తగ్గితే టీకా లేని కుక్కలూ తగ్గుతాయి.

కాకిలెక్క:
వేపకొమ్మ గారు చెప్పిన బాలిలో రేబిస్ ఇంకా పోలేదు. టీకా ఏటా వేస్తూనే ఉండాలి. అంటే మళ్లీ ఏడాదంతా అక్కడే ఉండేవాళ్ల దగ్గరికే వచ్చాం.

తీరంగాలి:
చర్చ నేను అనుకున్నదానికంటే లోతుకు వెళ్లింది. ఆమె ఎలాగూ వెళ్తుందనే అనిపిస్తోంది. జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

గొర్రెలడాక్టర్:
రేబిస్ ఉన్న ద్వీపమైతే వెళ్లేముందే టీకా వేయించుకోవాలి. ఇప్పుడు రెండు మోతాదులు, మొదటిదాని తర్వాత ఏడో రోజున రెండోది. తర్వాత కుక్క కరిస్తే మళ్లీ టీకా తీసుకోక తప్పదు, కానీ టీకాతో పాటు గాయం దగ్గర వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ప్రతిరక్షకాల మందు అవసరం ఉండదు. చిన్న ద్వీపాల్లో ఆ మందు దొరకడమే కష్టం కాబట్టి ఇది చిన్న లాభమేమీ కాదు. ఫిజీ, హవాయిల్లో రేబిస్ లేదు, అక్కడికైతే ఈ గొడవ లేదు. ధనుర్వాతం టీకా మాత్రం ఎక్కడికైనా ఉండాలి. పిల్లి కరిచినా, గీరినా ‘చిన్న గాటే’ అని ఊరుకోవద్దు. పిల్లి కోర సన్నగా లోతుకు దిగుతుంది, పైన గాయం మూసుకుంటుంది, లోపల చీము పడుతుంది.

వీసా సంగతి కూడా ముందే అడగమనండి. జీతం లేని సేవైనా చాలా దేశాల చట్టంలో పని కిందికే వస్తుంది. ఇండొనేషియాలో పర్యాటక వీసా మీద వెళ్లి చేయకూడదు. క్లినిక్‌వాళ్లు ‘ఎవరూ అడగరులే’ అన్నారంటే ఆ క్లినిక్ మిగతా విషయాల్లోనూ అలాగే ఉంటుందని అర్థం.

పిల్లిమీసం:
టికెట్టు డబ్బు పంపితే మేలా అన్న మొదటి ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు.

వేపకొమ్మ:
నేనిస్తాను. పంపితే మేలే, సందేహం లేదు. స్థానిక పశువైద్యుడి జీతం, మత్తుమందు, కరెంటు బిల్లు ఆ డబ్బుతోనే నడవాలి. కానీ వెళ్లనివాళ్లలో ఎంతమంది నిజంగా పంపుతారు? వెళ్లి వచ్చినవాళ్లు మాత్రం తర్వాత నెలనెలా పంపడం చూశాను. అందరూ కాదు, కొందరు. బోను నంబరు చెప్పి ‘ఆ ఒంటికన్ను పిల్లి ఎలా ఉంది’ అని అడిగేవాళ్లు.

కాకిలెక్క:
ఆ కొందరు ఎంత శాతం?

వేపకొమ్మ:
మీ స్నేహితురాలిని పంపండి తీరంగాలి గారూ, లెక్క రాసుకొస్తుంది.