కంచు, వెండి కలిపి నగలు చేసేవాళ్ళు ఉన్నారా? నా కడియం రెండుసార్లు విరిగింది

మధురవాడ మేడమీద కొలిమి
అందరికీ నమస్కారం. ఏడాదిగా మా మేడ మీద చిన్న కొలిమి పెట్టుకుని నగలు చేయడం నేర్చుకుంటున్నాను. మా నాయనమ్మ అన్నం తిన్న కంచు గిన్నె అంచు విరిగి అటక మీద పడి ఉంది. ఆవిడవే తెగిన వెండి పట్టీలు కూడా ఉన్నాయి. రెండూ కలిపి అక్క పెళ్ళికి కడియం చేసి ఇవ్వాలని నా ఆశ.

30 గ్రాముల కంచు, 10 గ్రాముల వెండి మూసలో వేసి, వెలిగారం చల్లి కరిగించాను. బాగానే కరిగింది. కడ్డీ పోసి, చల్లారాక దాగలి మీద పెట్టి కొడితే మూడో దెబ్బకే పుటుక్కున విరిగింది. విరిగిన చోట బూడిద రంగులో, పంచదార పలుకుల్లా మెరుస్తోంది. మళ్ళీ కరిగించి పోసినా అదే తంతు. గిన్నెలో సగం అయిపోయింది, చాలా టెన్షన్‌గా ఉంది. తప్పెక్కడ జరిగిందో చెప్పండి.

వన్‌టౌన్ కంసాలి
అమ్మా, మాది కురుపాం మార్కెట్ దగ్గర. మూడు తరాలుగా ఇదే పని. తప్పు నీ సుత్తిలో లేదు, గిన్నెలో ఉంది. వంటింటి కంచులో సుమారు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం ఉంటాయి. ఆ తగరం వల్లే గిన్నె గంటలా మోగుతుంది, ఆ తగరం వల్లే చల్లగా కొడితే పగులుతుంది. పాత్రలు చేసేవాళ్ళు దాన్ని ఎర్రగా కాల్చి వేడి మీదే సాగదీస్తారు. నువ్వు వెండి కలిపాక కూడా 40 గ్రాములలో ఆరున్నర గ్రాముల పైనే తగరం ఉంది. అంటే నూటికి 16 దాటింది. ఎలా సాగుతుంది?

ఇలా చేసి చూడు. కంచు 10, మేలిమి రాగి 20, వెండి 10. అప్పుడు తగరం నూటికి ఐదున్నరకు దిగుతుంది. నాయనమ్మ గిన్నె అందులో ఉన్నట్టే, లోహమూ నీ మాట వింటుంది. ముందు రాగి కరగనీ, తర్వాత వెండి, చివర కంచు. తగరాన్ని ఎక్కువసేపు మంటలో ఉంచితే తెట్టు కట్టి పోతుంది. పైన కాస్త బొగ్గుపొడి చల్లు. కరిగిన వెండి తన పరిమాణానికి 20 రెట్ల దాకా ఆక్సిజన్‌ను పీల్చుకుని, గడ్డకట్టేటప్పుడు వదిలేస్తుంది. కడ్డీలో బుడగలు అందుకే వస్తాయి.

నాలుగైదు దెబ్బలకోసారి కాల్చాలి. మసక ఎరుపు కనబడగానే మంట తీసెయ్. వెండి 962 డిగ్రీల దగ్గర, రాగి 1085 దగ్గర కరుగుతాయని ధీమాగా ఉండకు. 72 పాళ్ళ వెండి, 28 పాళ్ళ రాగి కలిస్తే 780కే కరిగిపోతుంది, తగరం చేరితే ఇంకా ముందే. ఎరుపు ముదిరితే అంచులు చెమర్చినట్టు జారిపోతాయి. సాయంత్రం వెలుగు తగ్గాక కాలిస్తే రంగు సరిగ్గా తెలుస్తుంది.

గాజువాక వెల్డర్
ఒక్క మాట అక్కా. పట్టీల అతుకులు కోసి పక్కన పెట్టు. పాత టంకంలో కాడ్మియం ఉండొచ్చు, ఆ పొగ ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. మనవాళ్ళు కేడీఎం అనేది దాన్నే. పాత సామాన్ల కొట్టులో దొరికిన ఇత్తడి కూడా మూసలో వేయొద్దు. జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఆ పొగ పీల్చి నేను ఒక రాత్రంతా చలిజ్వరంతో వణికాను. మాస్కు పెట్టుకుని, గాలి తగిలే చోటే కరిగించు.

భీమిలి ఇసుక
నేను ఇదే మిశ్రమంతో ఉంగరాలు, పతకాలు పోస్తాను. జపాన్‌లో దీనికి దగ్గరి చుట్టం షిబుయిచి. ఆ మాటకు అర్థమే నాలుగో వంతు. మూడు వంతుల రాగికి ఒక వంతు వెండి.

కడియం పట్టీని సుత్తితో సాగదీసినా, మధ్యలో బిళ్ళను మాత్రం సముద్రపు నురుగులో, అంటే కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని పెంకులో, పోయండి. మూలికల కొట్టులో ఆ పేరుతోనే ఇస్తారు. లవ్‌బర్డ్స్ పంజరంలో వేలాడదీసే తెల్లటి పెంకు కూడా అదే. గాలివాన వెలిసిన మర్నాడు భీమిలి తీరంలో నేనే ఏరుకొస్తాను. మంచినీళ్ళలో మూడుసార్లు నానబెట్టి వారం పాటు ఎండబెడతాను. తడి ఉంటే లోహం పోసేసరికి ఆవిరి పుట్టి మొహం మీదకు చిమ్ముతుంది. వానాకాలంలో మన ఊరి గాలికి ఆ వారం కూడా చాలదు, ఓవెన్‌లో పెట్టి తీయండి.

పెంకును రెండుగా కోసి, మెత్తటి వైపులను ఒకదానితో ఒకటి రుద్దితే పిండిలా రాలి సమంగా అతుక్కుంటాయి. మైనంతో కాదు, గట్టి చెక్కతో చేసిన నమూనాను మధ్యలో పెట్టి నొక్కండి, బొటనవేలి గీతతో సహా అచ్చు పడుతుంది. పైన గరాటులా చెక్కి, గాలి పోవడానికి నాలుగు సన్నని గాళ్ళు తీసి, ఇనుప తీగతో బిగించి పోయాలి. వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, కంగారు పడొద్దు. ఒక పెంకు ఒక్కసారికే. విప్పి చూస్తే పెంకులోని పొరల గీతలన్నీ లోహం మీద దిగి ఉంటాయి, అల వెనక్కి వెళ్ళాక ఇసుక మీద మిగిలే చారల్లాగా. దయచేసి ఆకురాయితో వాటిని చెరిపేయకండి. నగకు అందమంతా అక్కడే ఉంది.

మర్రిపాలెం
రంగు సంగతి. చింతపండు పులుసులో ఉడికిస్తే కాలిన నలుపు పోతుంది. కావాలని నలుపు తెప్పించాలంటే ఉడికిన గుడ్డు సగానికి కోసి, నగతో పాటు మూత గట్టి డబ్బాలో రాత్రంతా ఉంచండి. గుడ్డులోని గంధకం పని చేస్తుంది. మెరక భాగాలను మెత్తటి గుడ్డతో తుడిస్తే పల్లాల్లో నలుపు నిలుస్తుంది.

చేతికి పచ్చ మరక పడుతుంది, అది రాగికీ చెమటకూ జరిగే చర్య. మన ఉక్కపోతలో తప్పదు. లోపలి వైపు పలుచటి వెండి రేకు తాపితే బాధ ఉండదు.

సీతమ్మధార
ఎప్పుడైనా అమ్మే ఆలోచన ఉంటే, దీన్ని వెండి నగ అని చెప్పకండి. బీఐఎస్ హాల్‌మార్క్‌లో అన్నిటికన్నా తక్కువ గ్రేడు 800, అంటే నూటికి 80 పాళ్ళ వెండి. మీది 25. బిల్లు మీద ఏ లోహం ఎంతో రాసి ఇవ్వండి. నేను అలాగే రాస్తాను, కొన్నవాళ్ళు అదే చదివి మురిసిపోతారు.

మధురవాడ మేడమీద కొలిమి
మూడు వారాల తర్వాత వచ్చాను. కంసాలి బాబాయ్ గారూ, మీరు చెప్పిన పాళ్ళే వేశాను. కడ్డీ ఎనిమిదిసార్లు కాల్చితే గానీ కావలసిన పొడవుకు రాలేదు. ఆరోసారి ఒక అంచున వెంట్రుకంత పగులు కనబడింది. అక్కడిదాకా కోసేసి, ఆకురాయితో గుండ్రంగా రాసి మళ్ళీ కొట్టాను. ఇక పగల్లేదు.

బిళ్ళ మొదటిది చెడింది, పెంకు పూర్తిగా ఆరలేదు. రెండోదాని మీద చారలు అచ్చంగా మీరన్నట్టే వచ్చాయి భీమిలి గారూ, ఒక్కటీ చెరపలేదు. టంకం పెట్టే ధైర్యం లేక రెండు రాగి మేకులతో బిగించాను. లేత గులాబి ఛాయ ఉన్న బూడిద రంగు, చారల్లో గుడ్డు తెచ్చిన నలుపు. లోపల వెండి రేకు తాపాను.

నిన్న అమ్మ చేతికి తొడిగి చూశాను. గిన్నెలోది ఇందులో ఎంత ఉందని అడిగింది. 10 గ్రాములని చెప్పాను. చాలాసేపు తీయలేదు.

మిగిలిన ముక్కతో అమ్మకు ఉంగరం పోస్తున్నాను. ఈసారి పెంకు ఓవెన్‌లో ఆరుతోంది.